13 ఏళ్లు దాటిన మా పిల్లలకు సంఘంలో చోటివ్వండి

తెలుగు సంఘాల కాపరులకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు సూపరింటెండెంట్లకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను గుంటూరు జిల్లాలో ఒక సంఘంలో సండే స్కూలు టీచర్ని. ఇద్దరు పిల్లల తల్లిని. అమ్మాయి ఇంటర్ చదువుతోంది, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఏ ఒక్క సంఘాన్నీ వేలెత్తి చూపాలని ఈ లేఖ రాయడం లేదు. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, బ్రదరన్, స్వతంత్ర సంఘాలు, ఏ సంఘపు తల్లిదండ్రులు కలిసినా చివరికి మాట ఒకచోటికే వస్తోంది. “చిన్నప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చేవాడండీ, ఇప్పుడు రమ్మంటే మొహం చిట్లిస్తున్నాడు.” మాలో మేము చెప్పుకుని నిట్టూర్చడం వల్ల లాభం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

మా విన్నపం ఇది. 13 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు అడిగే ప్రశ్నలకు సంఘంలో చోటు కావాలి. అవే ప్రశ్నలు ఇంట్లో అడిగినప్పుడు ఎలా జవాబు చెప్పాలో తల్లిదండ్రులమైన మాకు మీరు నేర్పాలి.

చిన్నపిల్లల విషయంలో మన సంఘాలు చేస్తున్న పని తక్కువేమీ కాదు. ఇంకా బడికి కూడా వెళ్లని చిన్నారులు 23వ కీర్తన తడుముకోకుండా చెబుతారు. మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిలు పాఠశాల) పెడితే క్రైస్తవేతరుల ఇళ్ల నుంచి కూడా పిల్లలు వస్తారు. క్రిస్మస్ నాటికలో తలకు తువ్వాలు చుట్టుకుని గొర్రెల కాపరి వేషం వేసినవాడు పెద్దయ్యాక కూడా ఆ రాత్రి గురించి చెప్పుకుంటాడు. కంఠత వాక్యాలకు బహుమతిగా ఇచ్చిన స్టీలు గిన్నెలు ఎన్ని ఇళ్లలో ఇప్పటికీ వాడుతున్నారో!

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఆ పిల్లవాడు సండే స్కూలుకి పెద్దవాడైపోతాడు. యవ్వనస్తుల కూడికకు పంపితే అక్కడంతా డిగ్రీ అయినవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు. ప్రసంగం కూడా వాళ్లకు తగ్గట్టే ఉంటుంది. ఇక వీడికి మిగిలేది పెద్దల ఆరాధనలో చివరి వరుస. కీబోర్డో ప్యాడ్సో వాయించగలిగినా, లైవ్‌లో కెమెరా పట్టుకోగలిగినా కాస్త గుర్తింపు వస్తుంది. పిల్లలకు పని అప్పగించడం మంచిదే. అయితే స్టేజీ మీద వాయిస్తున్న ఆ అబ్బాయి మనసులో ఏం నడుస్తోందో కూర్చోబెట్టుకుని అడిగేవాళ్లు లేరు. పిల్లల్ని సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ముందు నేర్పే కన్ఫర్మేషన్ క్లాసులున్న సంఘాల్లో కొంత నయం. కానీ అక్కడ కూడా బిషప్‌గారు వచ్చే తేదీలోపు పాఠం అప్పజెప్పించడమే సరిపోతోంది. జవాబులు పుస్తకంలోవే, ప్రశ్నలూ పుస్తకంలోవే.

పిల్లల సొంత ప్రశ్నలు వేరు. తరగతి అయ్యాక చెప్పులేసుకుంటూ నన్ను అడిగినవి కొన్ని రాస్తాను. “టీచర్, మా ఫ్రెండ్ చాలా మంచిది. రోజూ గుడికెళ్తుంది. తను నరకానికి వెళ్తుందా?” “సైన్స్ బుక్‌లో కోట్ల ఏళ్లని ఉంది, ఆదికాండంలో ఆరు రోజులని ఉంది. ఎగ్జామ్‌లో ఏది రాయాలి, మనసులో ఏది నమ్మాలి?” “తాతయ్య కోసం ఇంటిల్లిపాదీ ఉపవాసముండి ప్రార్థన చేశాం కదా, మరి ఎందుకు చనిపోయారు?” ఈ మూడో ప్రశ్న అడిగిన పాప కళ్లల్లో ఎదురుతిరిగే గుణమేమీ లేదు, తాతయ్య మీద బెంగ ఉంది. ఇంట్లో అడిగితే “అలా అడగకూడదు, పాపం” అన్నారట. ఆ తర్వాత ఆ పాప ఇంట్లో ఇంకేమీ అడగలేదు.

లూకా సువార్త 2వ అధ్యాయంలో 12 ఏళ్ల యేసు దేవాలయంలో కూర్చున్న సంగతి మీరు మాకు ఎన్నోసార్లు బోధించారు. ఎప్పుడూ ఆయన జ్ఞానం గురించే చెబుతారు, అది సరైనదే. నాకు మాత్రం ఆ బోధకుల మీద కూడా గౌరవం కలుగుతుంది. నజరేతు నుంచి వచ్చిన ఒక పిల్లవాణ్ణి తమ మధ్య కూర్చోనిచ్చారు, ప్రశ్నలు అడగనిచ్చారు. మూడు రోజులు వెదికి కనుక్కున్న తల్లి మందలించింది. ఆయన చెప్పిన జవాబు తల్లిదండ్రులకు అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. అర్థం కాని ఆ మాటను మరియ కొట్టిపారేయలేదు, హృదయంలో భద్రం చేసుకుంది. ఆయన వాళ్లతో నజరేతుకు వెళ్లి లోబడి ఉన్నాడు. పాపం ఎరుగని కుమారుడి మాటే కన్నవాళ్లకు అంతుపట్టలేదంటే, మా పిల్లల మాటలు మాకు అంతుపట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. అర్థం కాకపోయినా కోప్పడకుండా వినడం ఎలాగో ఆ తల్లి దగ్గర మేం నేర్చుకోవాలి. ఈ వాక్యభాగం మీద తల్లిదండ్రుల కోసం మీరు ఒక ప్రసంగం చేయాలని నా కోరిక.

పిల్లల పెంపకం మీద మాకు ఎక్కువగా వినిపించేది “బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి” అనే సామెతలు 13:24. ఎఫెసీ 6వ అధ్యాయం తీస్తే, తల్లిదండ్రులకు విధేయులై ఉండమనే మొదటి వచనం దగ్గర ప్రసంగం ఆగుతుంది. “తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక” అనే నాలుగో వచనం దాకా చాలాసార్లు రాదు. కొలొస్సయి 3:21లో పౌలు అదే మాట మళ్లీ చెప్పి కారణం కూడా చెప్పాడు, పిల్లల మనసు కుంగిపోకుండా ఉండాలని. క్రమశిక్షణ వద్దని నేను అనడం లేదు. హద్దు లేకుండా పెరిగిన పిల్లలు పడే కష్టం కూడా చూస్తూనే ఉన్నాను. కానీ 15 ఏళ్ల కొడుకుని బెల్టుతో కొట్టి ‘వాక్యం ప్రకారమే చేశాను’ అనే తండ్రికి, ఆ వాక్యానికి అది అర్థం కాదని చెప్పగలిగేది మీరే. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బడిలో కూడదన్నది భక్తిగల ఇంట్లో ఎలా తగుతుంది? దెబ్బలు తిన్న పిల్లలు మారతారని అనుకుంటాం. ఆ వయసులో వాళ్లు చేసేదల్లా మన దగ్గర దాచడం నేర్చుకోవడమే.

బడిలో వినాయక చవితికో సరస్వతీ పూజకో పంచిన ప్రసాదం చేతిలో పెట్టుకుని తినాలా వద్దా అని నిలబడిన పిల్లవాణ్ణి తలచుకోండి. విగ్రహాలకు అర్పించినదాని గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో మొదలుపెట్టి 10వ అధ్యాయంలో మళ్లీ ఎత్తుకుని అన్ని వైపుల నుంచీ ఆలోచించి రాశాడు. అంత వివరించిన విషయాన్ని మా పిల్లలకు ‘వద్దు’ అనే ఒక్క ముక్కతో చెప్పి పంపిస్తున్నాం. వాడు దాన్ని అందరి ముందూ పారేస్తే స్నేహితుడి మనసు నొచ్చుకుంటుంది, తింటే ఇంటికొచ్చాక భయంతో చెప్పడు. మీ సంఘం ఏది సరైనదని నమ్మితే అది చెప్పండి, కారణంతో సహా చెప్పండి. వద్దనాల్సి వస్తే ఎదుటివాళ్లను చిన్నబుచ్చకుండా ఎలా అనాలో కూడా నేర్పండి. మన నిరీక్షణకు హేతువు అడిగినవాళ్లకు ‘సాత్వికముతోను భయముతోను’ సమాధానం చెప్పమన్నాడు పేతురు. పక్కింటివాళ్ల దేవుణ్ణి ఎగతాళి చేసే మాటలు మైకులో వింటే పిల్లలు అదే భక్తి అనుకుంటారు. బొట్టు, పూలు, నగల విషయం కూడా ఇంతే. ఆడపిల్లలకు నియమం తెలుసు, కారణం తెలియదు. క్లాసులో తోటి పిల్లలు అడిగితే “మా ఇంట్లో ఒప్పుకోరు” అని తల దించుకుంటున్నారు. తన విశ్వాసం గురించి తలెత్తుకుని చెప్పగలిగే ఒక్క వాక్యం ఆ పిల్లకు మనం ఇవ్వలేదు.

ఇక చాలామంది మాట్లాడని విషయం ఒకటుంది. సర్టిఫికెట్లు.

మన సంఘాల్లో ఎక్కువ కుటుంబాలు దళిత కుటుంబాలే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే అని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీ కుటుంబాలను వెనకబడిన తరగతుల్లోని సీ గ్రూపులో (బీసీ-సీ) పెట్టారు, అక్కడ ఉన్న రిజర్వేషన్ 1 శాతం. మతాన్ని బట్టి ఎస్సీ హోదా ఇచ్చే ఆ నిబంధనను తీసేయాలని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో కులం పేరుతో పడే అవమానం ఆగిపోదని మనందరికీ తెలుసు. కాబట్టి ఇది అన్యాయమని నేను నమ్ముతున్నాను. కాగితం మీద హిందువులుగా, ప్రార్థనలో క్రైస్తవులుగా బతుకుతున్న ఏ కుటుంబాన్నీ నేను తప్పుపట్టలేను. వాళ్ల పిల్లల చదువు దాని మీద ఆధారపడి ఉంది.

అయితే దీని బరువు పిల్లల మీద పడుతోంది. ‘అబద్ధమాడకూడదు’ అని సండే స్కూల్లో వాళ్లకు చెప్పేది నేనే. “కాలేజీలో చర్చి సంగతి ఎత్తకు” అని ఇంట్లో చెప్పేది అమ్మానాన్నలు. పదో తరగతి దరఖాస్తు నింపే రోజున తన మతం గడిలో ఏముందో మొదటిసారి చూసిన పిల్లకు ఎవరిని నమ్మాలో తెలియదు. ఈ విషయం దాచినకొద్దీ దేవుడి సంగతులన్నీ కాగితాల్లాంటివే అనుకునే ప్రమాదం ఉంది. ఆ వయసు రాకముందే తాతల చరిత్ర, కులం పెట్టిన బాధ, ఆ ఉత్తర్వు సంగతి, మన ఇంటి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పాలి. అది ఎలా చెప్పాలో చాలామంది తల్లిదండ్రులకు మాటలు దొరకడం లేదు. చట్టం తెలిసిన లాయర్లు, టీచర్లు, ఉద్యోగులు ప్రతి సంఘంలో ఉన్నారు. వాళ్లను పిలిచి పిల్లలతో మాట్లాడించండి. గుసగుసల్లో తెలుసుకునేకంటే సంఘంలో వినడం పిల్లలకు గౌరవంగా ఉంటుంది.

మార్కుల విషయానికి వస్తాను. ఫలితాలు వచ్చాక ఆదివారం సాక్ష్యాలు చెప్పేది ఎవరు? ర్యాంకు వచ్చినవాళ్లు, సీటు వచ్చినవాళ్లు. “దేవుడు నాకు ఇన్ని మార్కులిచ్చాడు” అని చెబితే అందరూ చప్పట్లు కొడతారు, కృతజ్ఞత కానుక ఇస్తారు. దేవుణ్ణి స్తుతించడం తప్పెలా అవుతుంది? కానీ రెండు సబ్జెక్టులు పోయిన పిల్లవాడు అదే చాప మీద కూర్చుని ఉంటాడు. దేవుడు వాడికి ఇచ్చాడు, నాకివ్వలేదు, అంటే నా మీద దేవుడికి ఇష్టం లేదు అనుకుంటాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదివిన ఏ తల్లీ ఆ ఏప్రిల్‌ని మరచిపోలేదు. ఫలితాల వారంలో ఫెయిలైన పిల్లల ఇళ్లకు ముందు వెళ్లండి అయ్యగారూ. సాక్ష్యాలు ఆ తర్వాతి వారం పెట్టుకోవచ్చు. బైబిల్లో ఎంతమంది ఓడిపోయి లేచారో వేదిక మీద నుంచి ఆ వారమే చెప్పండి.

దిగులుతో నిద్రపోని పిల్లలు, తిండి మానేసిన పిల్లలు, చేతులు కోసుకునే పిల్లలు మన సంఘాల్లో కూడా ఉన్నారు. దాన్ని దురాత్మ అని తేల్చేసి ఉపవాస ప్రార్థనలతో సరిపెట్టకండి. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికి కూడా పంపండి. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, చనిపోతానన్నప్పుడు దేవుడు ముందు మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, అప్పము పెట్టించాడు, నీళ్లిచ్చాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు చర్చి నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఇంటర్ రెండేళ్లు పిల్లలు సంఘానికి పూర్తిగా దూరమవుతున్నారు. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆదివారం కూడా స్టడీ అవర్లు, పరీక్షలు. నీట్ పరీక్ష సైతం ఆదివారమే పెడుతున్నారు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు మొదలుపెట్టింది, మిగతా ఆరు రోజులూ పనికి పోయే పేద పిల్లలకు ఆ ఒక్క రోజైనా చదువు దక్కాలని. మా పిల్లలకు ఇప్పుడు ఆ ఒక్క రోజు కూడా లేదు. ఆ కాలేజీల్లో చేర్చేది మేమే, ఆ బాధ్యత మాది. ఫీజు కట్టే రోజున ఆదివారం రెండు గంటలు బయటికి పంపుతారా అని అడగాల్సింది కూడా మేమే. కానీ ఒక్క తల్లి అడిగితే ‘రూల్స్ ఒప్పుకోవమ్మా’ అంటారు. విజయవాడ, గుంటూరు, హైదరాబాద్‌లో ఒక ప్రాంతపు కాపరులంతా కలిసి వెళ్లి అడిగితే అంత తేలిగ్గా కాదనలేరు. కాదన్నా, నెలకోసారి విజిటింగ్ రోజున హాస్టల్ గేటు దగ్గరికి మీలో ఒకరు వచ్చి పదిమందికీ కలిపి ప్రార్థన చేసినా చాలు. వాళ్లను ఎవరూ మరచిపోలేదని తెలుస్తుంది.

ఫోన్ గురించి ఎక్కువ రాయను. ‘సెల్‌ఫోన్ సాతాను’ అనే ప్రసంగాన్ని అదే సెల్‌ఫోన్‌లో లైవ్ పెడుతున్నప్పుడు పిల్లలు గమనిస్తారు. రాత్రి తొమ్మిది దాటాక ఇంట్లో అందరి ఫోన్లూ, నాన్న ఫోనుతో సహా, ఒకే చోట పెట్టడం మా ఇంట్లో పనిచేస్తోంది. కుటుంబ ప్రార్థన అప్పుడే చేసుకుంటాం. పావుగంటకు మించదు, పిల్లలు వంతులవారీగా నడిపిస్తారు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం ఇంట కూర్చున్నప్పుడు, త్రోవలో నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంది. నా అనుభవంలో బండి మీద వెనక కూర్చోబెట్టుకుని ట్యూషన్‌కి తీసుకెళ్లేటప్పుడే పిల్లలు మనసు విప్పుతారు. మొహం కనపడదు కాబట్టి కాబోలు.

పిల్లల భద్రత గురించి మాత్రం గట్టిగా అడుగుతున్నాను. క్యాంపులు, హాస్టళ్లు, మ్యూజిక్ క్లాసులు, క్యారల్స్‌కి రాత్రిళ్లు తిరగడం, ఎక్కడైనా సరే, ఒక పెద్దమనిషి ఒక పిల్లతో గానీ పిల్లవాడితో గానీ ఒంటరిగా గదిలో ఉండే పరిస్థితి ఉండకూడదు. ఆ మనిషి ఎంత ఆత్మీయుడైనా సరే. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక దాడి గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ‘సంఘం పరువు’ అని పెద్దలు కూర్చుని సర్దుబాటు చేయడం నేరాన్ని దాచడమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకే నేరుగా చెప్పండి. ఇంకో మాట. పిల్లలు నమ్మి మీతో చెప్పుకున్న సంగతులు మరుసటి ఆదివారం ‘ప్రార్థన అంశం’గా మైకులో వినబడకూడదు. పేరు చెప్పకపోయినా చిన్న ఊళ్లల్లో అందరికీ తెలిసిపోతుంది. అలా విన్న పిల్ల మళ్లీ ఎవరితోనూ చెప్పుకోదు.

పిల్లలు దారి తప్పితే తల్లిదండ్రులకు మొదటి సమూయేలు గ్రంథంలోని యాజకుడు ఏలీ కథ చెబుతారు. కొడుకులను అడ్డగించని ఏలీకి వచ్చిన తీర్పు నిజమే. కానీ అదే గ్రంథంలో 8వ అధ్యాయానికి వస్తే ప్రవక్త సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా లంచాలు తిని న్యాయం తప్పారని ఉంది. సమూయేలును దేవుడు దానికి తప్పుపట్టినట్టు అక్కడ ఎక్కడా లేదు. భక్తిగా పెంచినా కొందరు పిల్లలు వెళ్లిపోతారు. ఆ ఇళ్ల తల్లులు ఆరాధనకు వచ్చి వెనక గోడకు ఆనుకుని కూర్చుంటారు, ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి కూడా సిగ్గుపడుతున్నారు. వాళ్లకు ఏలీ కథ మళ్లీ చెప్పకండి. అలాగే భర్త సంఘానికి రాని ఇళ్లలో పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తల్లులకు పౌలు శిష్యుడు తిమోతి సంగతి చెప్పండి. వాళ్ల నాన్న గ్రీసు దేశస్థుడు. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి దగ్గర నుంచి, తల్లి యునీకే దగ్గర నుంచి వచ్చింది.

మీ పిల్లల మాట కూడా ఎత్తకుండా ఉండలేను. అయ్యగారి అబ్బాయి నవ్వినా తప్పే, అమ్మగారి అమ్మాయి కొత్త డ్రెస్సు వేసుకున్నా తప్పే. సంఘమంతా వాళ్లనే చూస్తుంది. విశ్వాసులమైన మేం వాళ్ల మీద వేసిన బరువు అది. దాన్ని దించాల్సింది మేమే. మీరు కూడా ఇంటికెళ్లాక కాపరిగా కాకుండా నాన్నగా వాళ్లతో కూర్చోండి. మీ ఇంట్లో ప్రశ్నలకు చోటుంటే మా ఇళ్లల్లో ఎలా ఇవ్వాలో మాకు చూపించగలుగుతారు.

ఈ మే నెలలో వీబీఎస్ ఏర్పాట్లు చేసేటప్పుడు ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు సాయంత్రం విడిగా ఒక గంట కేటాయించండి. ఒక పెట్టె పెట్టి పేరు రాయకుండా ప్రశ్నలు వేయమనండి. వచ్చిన ప్రశ్నల్లో ఏ ఒక్కటీ పక్కన పెట్టకుండా చదవండి. జవాబు తెలియనివి ఉంటే ‘వెతికి వచ్చే వారం చెబుతాను’ అనండి, పిల్లలకు మీ మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. ఆఖరి రోజు తల్లిదండ్రులను పిలిచి ఆ ప్రశ్నలు మాకు కూడా వినిపించండి. పెట్టె తయారు చేయడం, పిల్లలకు టీ, సమోసాల ఏర్పాటు, ఆడపిల్లలతో కూర్చోవడం మా సంఘంలో నేనూ నాతోపాటు ఇంకొందరు తల్లులూ చూసుకుంటాం. మీ సంఘంలో కూడా అడిగి చూడండి, ముందుకొచ్చే తల్లులు ఉంటారు.

మీ ప్రార్థనలు కోరుతూ,

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూలు టీచర్